గెడ్డకు భాగస్వాములు బోలెడు

విశాఖలో నడక అంటే బీచ్ రోడ్డే. కంచరపాలెం వాసి అక్కడ నడవాలంటే ముందు బస్సెక్కాలి! మనకు నది లేదు, నిజమే. గెడ్డలున్నాయి కదా, కొండల మీది వాన సముద్రానికి దిగే సహజమైన దారులు. వాటి విషయంలో ప్రజా భాగస్వామ్యానికి కరువేం లేదు: ఇళ్లు చెత్త సంచులిస్తాయి, దుకాణాలు థర్మకోల్ ఇస్తాయి, కాలువలు మురుగిస్తాయి. పూడిక తీసి గట్టునే కుప్ప పోస్తే వానే దాన్ని తిరిగి లోపలికి తోస్తుంది. ఇంత పక్కా పొత్తు ఎక్కడుంది?

ఈ పొత్తునే గెడ్డ గట్టు వెంట నడక, సైకిల్ బాటలు వేయడానికి మళ్లించొచ్చు. "మురుగ్గెడ్డ పక్కన సైకిల్ బాటా?" అని ముక్కు మూసుకునేవారు సియోల్ వైపు చూడాలి. కాంక్రీటు కప్పి, పైన ఫ్లైఓవర్ కట్టేసిన చోంగ్‌గ్యేచోన్ వాగును 2005కల్లా 5.8 కిలోమీటర్ల నడకదారిగా తెరిచారు. (నీళ్లు మోటార్లతో తోడి పోసేవే, అది వేరే సంగతి.) డబ్బు లేదంటారా? బ్రిస్టల్ దగ్గర 1979లో పాత రైలుదారిని సైకిల్ బాటగా మార్చడానికి పారలు పట్టింది వాలంటీర్లు. గట్టు మీద పేదల ఇళ్లున్నాయన్నది మాత్రం గట్టి అభ్యంతరమే. అందుకే బాట గురించి చర్చించే సమావేశంలో మొదటి కుర్చీ వాళ్లకే వేయాలి. మన ఆనవాయితీలో వాళ్లకు ముందు అందేది నోటీసు. ఆ సమావేశమైనా గెడ్డ గట్టునే పెట్టండి, బీచ్ రోడ్డు ఏసీ హాల్లో వాసన తెలియదు.