అట్టముక్కల మేస్త్రి

లివర్‌పూల్‌లో ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులు చేరే ఏ పబ్బుకైనా వెళ్ళండి, ఓ మూల బల్ల దగ్గర అతను ఉంటాడు. బయట ఏ పనైనా చేస్తుండవచ్చు. బస్సు నడుపుతాడు, పళ్ళు పీకుతాడు, బళ్ళో లెక్కలు చెబుతాడు, లేదా రిటైరై పెరట్లో టమాటాలు పెంచుకుంటాడు. పబ్బులో అడుగుపెట్టాడంటే మాత్రం స్టేడియం మేస్త్రి. ఇంట్లో అతను స్వయంగా బిగించిన పుస్తకాల అర కాస్త ఎడమకి ఒరిగింది. ఏ పుస్తకం పెట్టినా తెల్లారేసరికి ఆ చివరకి జారుకుంటుంది. అయినా సరే, యాభై మూడు వేలమంది కూర్చునే స్టేడియం ఎలా కట్టాలో అడిగి చూడండి. అడగకపోయినా చెబుతాడనుకోండి.

ప్లాను గీయడానికి అతనికి కాగితం అక్కర్లేదు. బీరు గ్లాసుల కింద వేసే అట్టముక్కలు నాలుగు తీసుకుని చదరంగా నిలబెడతాడు. అవి నాలుగు స్టాండ్లు. మిరియాల సీసా, రేవులో ఉన్న పాత హైడ్రాలిక్ టవరు. మెర్సీ నదికి బీరే వాడతాడు, పడమటి వైపు ఎలాగూ ఒలికి ఉంటుంది కనక. ఇక జనం. దక్షిణం అట్టకి చిప్స్ నిలువునా చేరబెడతాడు, వాళ్ళు మనవాళ్ళు. అవతలి జట్టు అభిమానులకి చల్లారిపోయిన బఠాణీలు నాలుగు చాలు. వాటిని ఉత్తరపు మూలన, పబ్బు తలుపు తీసినప్పుడల్లా చలిగాలి కొట్టే చోట పెడతాడు. పక్కనున్నవాడు మాటల్లో పడి ఒక చిప్పు తీసి నోట్లో వేసుకున్నాడా, వాడి పని అయిపోయిందే.

"ఏం తింటున్నావు లాడ్? అది సౌత్ స్టాండు!"

ఈ మేస్త్రుల జాతి ఇక్కడే ఇంత ఏపుగా ఎందుకు పెరిగిందంటే, దానికో చరిత్ర ఉంది. 1892 దాకా ఎవర్టన్ ఆడింది ఆన్‌ఫీల్డ్‌లోనే. అద్దె దగ్గర స్థలం ఆసామి జాన్ హౌల్డింగ్‌తో పేచీ వచ్చి, స్టాన్లీ పార్కు అవతలికి పోయి గుడిసన్ పార్కు కట్టుకున్నారు. ఖాళీ అయిన మైదానంలోకి ఆసామి సొంతంగా ఒక జట్టును దించాడు. దాని పేరు లివర్‌పూల్. దాయాది పుట్టుకకి అద్దె పేచీ కారణమైన ఊరిలో స్టేడియం అన్న మాట వినగానే జనానికి ఒళ్ళు మండడం సహజమే.

గుడిసన్ ముసలిదైపోయాక కింగ్స్ డాక్‌లో కడతామన్నారు. తెరుచుకుని మూసుకునే కప్పుతో సహా అంతా ఊహించారు. క్లబ్బు తన వాటా 3 కోట్ల పౌండ్లు తేలేకపోవడంతో 2003లో ఆ ముచ్చట అటకెక్కింది. తరవాత ఊరి పొలిమేర దాటించి, కర్క్‌బీలో టెస్కో వాళ్ళ సూపర్‌మార్కెట్‌తో కలిపి కడతామన్నారు. అభిమానులు రెండు వర్గాలై ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాక, 2009 నవంబరులో ప్రభుత్వమే కాదు పొమ్మంది. అలా మన మేస్త్రి ఏళ్ళ తరబడి కట్టని స్టేడియాల్లోనే కాపురం చేశాడు. కట్టని స్టేడియంలో ఏ లోపమూ ఉండదు. వాన కురవదు, బాత్రూము దగ్గర క్యూ ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, మనవాళ్ళు ఓడిపోరు.

చివరికి 1848 నాటి బ్రామ్లీ-మూర్ డాక్‌ను పూడ్చి అక్కడ కడతామని తేల్చి, లాస్ ఏంజెలెస్‌లో స్టేపుల్స్ సెంటర్‌కి రూపమిచ్చిన ఆర్కిటెక్టు డాన్ మైస్‌ని పిలిచారు. ఊరివాళ్ళ అభిప్రాయాలూ అడిగారు. అడక్కూడనివాణ్ణి అడిగారన్నమాట. పైగా ఆ మైస్‌గారు ట్విట్టర్‌లో అభిమానులకి ఓపిగ్గా జవాబులిచ్చే మనిషి. ఆయన దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చిందంటే, ఆ రోజు నుంచి మేస్త్రి ఆయన పేరు ఇంటిపేరు లేకుండా చెప్పేవాడు. "మొన్న డాన్‌కి చెప్పాను, ఆ మూల అలా వదలొద్దని."

అతనికి వచ్చిన సాంకేతిక పదం ఒక్కటే, సీ వాల్యూ. మీ కంటి నుంచి మైదానం అంచు దాకా ఒక గీత గీస్తే, అది ముందువాడి కంటికి ఎన్ని మిల్లీమీటర్ల పైనుంచి పోతుందన్నదే ఆ లెక్క. 60 అయితే సర్దుకోవచ్చు, 90 అయితే బాగు, 120 అయితే మహారాజు. వినడానికి తేలికే. కానీ ఆ అంకె పెంచాలంటే ప్రతి మెట్టూ కిందిదానికన్నా ఎత్తు లేపుకుంటూ పోవాలి. స్టాండు పైకి ఎగబాకుతుంది, వెనక వరస ఆకాశంలో పడుతుంది. వాలు కూడా ఇష్టం వచ్చినట్టు పెంచడానికి లేదు, బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకి ప్రమాణంగా చూసే గ్రీన్ గైడ్ 34 డిగ్రీల దగ్గర గీత గీసింది. మేస్త్రికి మాత్రం సీ వాల్యూ 120 కావాలి, వాలు కొండంత కావాలి, చివరి వరసలో కూర్చున్నా గోల్‌కీపర్ మెడ మీద పుట్టుమచ్చ కనబడాలి. ఈ మూడూ కుదరవని చెప్పిన ఇంజినీరుకి ఫుట్‌బాల్ తెలియదు.

ఈ పిచ్చి పబ్బు దాటి ఇంటికీ వచ్చింది. కూతురి పెళ్ళిలో, పెళ్ళికూతురు నడిచి వస్తుంటే అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. మేస్త్రి బల్లల వరసలు చూసి తల అడ్డంగా ఊపాడు. "నేలంతా బల్లపరుపు. ఈ చర్చిలో సీ వాల్యూ సున్నా."

అసలు చిక్కు గుడిసన్ స్తంభాల దగ్గర వచ్చింది. పాత స్టాండ్లు కనక కప్పును మోసే స్తంభాలు ప్రేక్షకుల మధ్యలోనే ఉండేవి. వాటి వెనక సీటు పడితే ఆటలో సగం పక్కవాడు చెబితే వినాల్సిందే. కొత్తదాంట్లో ఒక్క స్తంభం కూడా ఉండకూడదన్నది మేస్త్రి మొదటి షరతు, ఊరందరి షరతూ అదే. మూడో గ్లాసు దాకా దాని మీదే నిలబడతాడు. నాలుగో గ్లాసుకి గొంతు మెత్తబడుతుంది. "ఆ స్తంభం మంచిది లాడ్. మనకి పడ్డ గోల్స్ ఎన్ని నాకు కనబడకుండా కాచిందో!"

ఐదో గ్లాసుకి ఆర్చిబాల్డ్ లీచ్ వస్తాడు. ఫ్యాక్టరీలు కడుతూ కడుతూ స్టేడియాలకి మళ్ళిన స్కాట్లాండ్ ఇంజినీరు. బ్రిటన్‌లోని పేరున్న పాత మైదానాలు చాలా వాటిలో ఆయన చెయ్యి ఉంది. గుడిసన్‌లో బుల్లెన్స్ రోడ్ స్టాండు పిట్టగోడ మీద ఇనపకమ్మీలతో ఎక్స్ గుర్తులు వరసగా అల్లి పోయాడు. బరువు మోయడానికి పెట్టిన కమ్మీలే అభిమానులకి దేవుడి పటం అయ్యాయి. కొత్త స్టేడియం మీద ఆ అల్లిక కనబడి తీరాలి. గుడిసన్ మూలన స్టాండ్లని ఆనుకుని ఉన్న సెయింట్ లూక్స్ చర్చిని కూడా ఎత్తుకురావచ్చేమో అని ఒకసారి ఆరా తీశాడు. బల్ల మీద సాస్ సీసాని జరిపి చూశాడు, పెద్ద కష్టమేమీ అనిపించలేదు.

బల్ల మీద ఏదీ కష్టం కాదు. డాక్ పూడ్చడానికి అతనికి రెండు చిటికెల ఉప్పు సరిపోయింది. అసలు డాక్‌లో మాత్రం ఐరిష్ సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి తెచ్చి ఓడలోంచి పిచికారీ కొట్టాల్సి వచ్చింది. 2021 జులైలో యునెస్కో లివర్‌పూల్ రేవు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి కొట్టేసింది, ఈ స్టేడియాన్నీ ఒక కారణంగా చూపించింది. మేస్త్రి గ్లాసు దించకుండా అడిగాడు, "యునెస్కో వాళ్ళలో ఎవరికైనా సీజన్ టికెట్ ఉందా?" నన్నడిగితే, నూట డెబ్భై ఏళ్ళ నాటి రాతి రేవును పూడ్చడం ఒక పూట కూడా బాధపడకుండా చేయాల్సిన పని కాదు. అయితే ఏళ్ళ తరబడి అటువైపు కన్నెత్తి చూడనివాళ్ళంతా ఆ నెలలో దాని మీద ప్రేమ ఒలకబోశారన్నదీ నిజమే. కొత్త కట్టడం పక్కనే ఆ హైడ్రాలిక్ టవరును మరమ్మతు చేసి నిలబెట్టారు. మేస్త్రి మిరియాల సీసాని ఆ చోటు నుంచి ఏనాడూ కదపలేదు కనక, ఆ ఘనత తనదే.

డబ్బు మాట మాత్రం అతని నోట వినబడదు. ఇల్లు కట్టి చూడు అన్న సామెత తెలిసిన మనబోటివాళ్ళం ముందు అదే అడుగుతాం. 50 కోట్ల పౌండ్లని మొదలైన అంచనా 70 కోట్లు దాటింది. నష్టాల పరిమితి మీరారని 2023-24 సీజన్‌లో క్లబ్బుకి రెండు విడతలుగా మొత్తం 8 పాయింట్లు కోత పడింది. కొత్త స్టేడియంలో రెండో డివిజన్ ఆట చూడాల్సి వస్తుందేమోనని ఊరంతా గోళ్ళు కొరుక్కుంటుంటే, మేస్త్రి సౌత్ స్టాండులో నిలబడి చూసేందుకు వీలైన రెయిలింగు సీట్లు ఎన్ని వరసలు ఉండాలో తేలుస్తున్నాడు. అది చిల్లర విషయమేమీ కాదు. 1989లో స్టాండులో జనం నలిగి చనిపోయిన హిల్స్‌బరో దుర్ఘటన తరవాత పై డివిజన్లలో నిలబడి చూడటం నిషేధించారు, మళ్ళీ అనుమతించింది 2022లోనే. ఆ ఒక్క సంగతి మాట్లాడేటప్పుడు అతను బల్ల మీది చిప్స్ ముట్టుకోడు.

ఇంతకీ కట్టారు. దాదాపు 53 వేల సీట్లు. దక్షిణాన 13,000 మంది పట్టే ఒకే అంతస్తు స్టాండు, నిలువుగా లేచిన గోడలాంటి వాలు. కింద ఇటుక గోడల మీద లీచ్ ఎక్స్ గుర్తుల అల్లిక, పైన మెరిసే లోహపు కప్పు. నిజం ఒప్పుకోవాలి, నస పెట్టినవాళ్ళు లేకపోతే ఇలా వచ్చేది కాదు. చుట్టూ ఒకే ఎత్తున గిన్నెలా పోత పోసిన స్టేడియాలు ఇంగ్లండ్‌లో ఎన్ని లేవు? వెస్ట్ హామ్ వాళ్ళు 2016లో ఒలింపిక్ స్టేడియానికి మారి, పరుగుపందేల ట్రాక్ అవతలి నుంచి ఆట చూస్తూ ఇప్పటికీ ఏడుస్తున్నారు. అయితే ఈ మెచ్చుకోలు మేస్త్రి చెవిన వేయకండి. ఇప్పటికే స్టేడియం ముందు నిలబడి, దారిన పోయేవాళ్ళకి ఇటుకలు చూపించి "అది నేనే చెప్పాను" అంటున్నాడు.

సీటు ఎంచుకునే రోజు అసలు సరదా. కంప్యూటర్‌లో ఏ సీటు నొక్కితే అక్కణ్ణుంచి మైదానం ఎలా ఉంటుందో బొమ్మ చూపించారు. వారం రోజులు రాత్రీ పగలూ నొక్కాడు. నది వైపు, నగరం వైపు, పై అంతస్తు, మూలలు. చివరికి ఎంచుకున్నది గుడిసన్‌లో ఎక్కడ కూర్చునేవాడో సరిగ్గా ఆ కోణం, గోల్‌పోస్టుకి కాస్త ఎడమగా. కారణం అడిగితే సీ వాల్యూ అంటాడు. అసలు కారణం, ఇరవై ఏళ్ళుగా ముందు వరసలో కూర్చున్న ఓ బట్టతల ఆసామి. ఆయన పేరు మేస్త్రికి తెలియదు. తన లెక్కలన్నిటికీ కొలబద్ద మాత్రం ఆ నున్నటి తలే. ఆయన కూడా అటే తీసుకుంటాడని లెక్కవేశాడు. తీరా చూస్తే ఆయన భార్య మాట విని మెత్తటి సీట్ల వైపు వెళ్ళిపోయాడు. ఇప్పుడు ముందు కూర్చున్నది గుబురు జుట్టు కుర్రాడు. మైస్‌గారి లెక్కలో జుట్టు లేదు.

2025 మే 18న గుడిసన్‌లో పురుషుల జట్టు ఆఖరి ఆట. సౌతాంప్టన్ మీద ఎవర్టన్ ఆటగాడు ఎన్‌డియాయ్ రెండు గోల్స్ కొట్టాడు. మేస్త్రి ఆ స్తంభాన్ని కావలించుకుని ఫొటో దిగాడు. తరవాత దాన్ని పడగొట్టరనీ, మహిళల జట్టు అక్కడే ఆడుతుందనీ తెలిసి కొంచెం సిగ్గుపడ్డాడు. ఆగస్టు 24న కొత్త స్టేడియంలో తొలి లీగ్ ఆట, బ్రైటన్ మీద. మొదటి గోల్ కొట్టింది మళ్ళీ ఆ ఎన్‌డియాయే. ఆ గోల్ మేస్త్రికి పూర్తిగా కనబడింది. దాన్ని వర్ణించమంటే మాత్రం కప్పు కింద శబ్దం ఎంత బాగా తిరిగి వచ్చిందో చెబుతాడు.

ఆట అయ్యాక శాండ్‌హిల్స్ స్టేషన్ దగ్గర రైలు కోసం క్యూ. కదలదు, మెదలదు. మెర్సీ గాలి చెవులు కోస్తోంది. మేస్త్రికి కాసేపటికే కొత్త పని దొరికింది. మెట్లు అటు తిప్పాలన్నాడు, ప్లాట్‌ఫాం ఇంత పొడిగించాలన్నాడు, రోడ్డు మీదుగా ఒక వంతెన వేస్తే ఇరవై నిమిషాల్లో అందరూ ఇళ్ళకి పోతారన్నాడు. ముందు నిలబడ్డ గుబురు జుట్టు కుర్రాడు వెనక్కి తిరిగాడు.

"వంతెన అక్కడ కాదు. వాలు సరిపోదు."

మేస్త్రి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వేం ఇంజినీరువా?"

"కాదు," అన్నాడు కుర్రాడు. "సీజన్ టికెట్ ఉంది."