గుణం బట్టి బ్రాహ్మణుడు, గోత్రం బట్టి అల్లుడు

"కులం పుట్టుకతో రాదండీ, గుణంతో వస్తుంది." ఈ మధ్య ఏ సభకు వెళ్లినా ఈ మాట అనేవారు ఒకరు తగులుతున్నారు. అరవై దాటిన మనిషి, భుజాన అప్పుడే కప్పిన శాలువా, చేతిలో ఒక పట్టాన వదలని మైకు. గీత నాలుగో అధ్యాయంలోంచి పదమూడో శ్లోకం మొదటి సగం రాగం తీసి చదువుతారు. గుణకర్మలన్నాడే గాని పుట్టుక అన్నాడా భగవంతుడు అని నిలదీస్తారు. చప్పట్లు. పరధర్మం జోలికి పోవద్దని అదే భగవంతుడు మూడో అధ్యాయంలో ఒకసారి, చాలలేదేమోనని పద్దెనిమిదో అధ్యాయంలో మరోసారి చెప్పిన సంగతి ఆ పూటకి ఎవరికీ గుర్తు రాదు. ఈ పెద్దమనిషిని గుణవాది గారు అందాం.

గుణవాది గారి సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. దాన్ని ఆయన మైకు దగ్గరే వదిలేసి ఇంటికెళ్లిపోవడంతోనే పేచీ. ఇంట్లో పెళ్లికెదిగిన కొడుకున్నాడు. ఆ కుర్రాడి వివరాల కాగితం చూడండి: వెలనాటి వైదికి, భారద్వాజస గోత్రం, ఆపస్తంబ సూత్రం, పుష్యమి రెండో పాదం, అయిదడుగుల పదంగుళాలు, డల్లాస్‌లో ఉద్యోగం. గోత్రం ఉంది, నక్షత్రం ఉంది, జీతం ఉంది. గుణానికి మాత్రం గడి లేదు. ఆయన ఉదారులు కాదనడానికీ లేదు. చివరి వరుసలో "శాఖాభేదం పట్టింపు లేదు" అని రాయించారు. అంటే నియోగుల పిల్లలో గుణముంటే గుర్తించడానికి ఆయన సిద్ధమే. విశాల హృదయానికి అది పొలిమేర.

అసలు ఈ శాఖల సంగతే గుణవాదానికి కొరుకుడు పడదు. వెలనాడు, వేగినాడు, కాసలనాడు, ములకనాడు, తెలగాణ్యం. ఇవన్నీ ఒకప్పటి సీమల పేర్లు. ఫలానా సీమవారని చెప్పుకోవడానికి పుట్టినవి. గుణం బట్టే బ్రాహ్మణ్యమైతే ఒక్కో ఏరు దాటినప్పుడల్లా గుణం మారుతూ పోయిందనుకోవాలి. ఆరువేల నియోగులకు ఆ అంకె ఎలా వచ్చిందో రకరకాల కథలు చెబుతారు. గుణాలు పరీక్షించి ఆరువేల దగ్గర తలుపేశారని చెప్పే కథ మాత్రం నా చెవిన పడలేదు.

పెళ్లి పెద్ద విషయం, వదిలేద్దాం. హైదరాబాద్‌లో అద్దె ఇంటికి బయల్దేరండి. "బ్రాహ్మిన్స్ ఓన్లీ" అని బోర్డు. ఇక్కడ గుణపరీక్ష రెండు ప్రశ్నల్లో అయిపోతుంది: "ఇంటిపేరేమిటి?", "మీరేమిట్లు?" దొంగతనాలు చేస్తారా, అద్దె ఎగ్గొడతారా అని అడిగే ఆచారం లేదు. ఆ అవగుణాల సంగతి అడ్వాన్సు చూసుకుంటుంది. వీధి చివర "శుద్ధ బ్రాహ్మణ వంటలు, శుభకార్యములకు ఆర్డర్లు తీసుకొనబడును" అని ఇంకో బోర్డు. ఏ గుణం వల్ల పప్పుచారు బ్రాహ్మణమవుతుందో గుణవాది గారే చెప్పాలి. జన్మ వల్ల అంటే ఆ జన్మ కందిపప్పుదా, వంటవాడిదా?

సముద్రం దాటినా గడులు దాటలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధిస్తే, గుణవాది గారి అమెరికా శాఖ "కులమా? మా దగ్గర ఎక్కడుంది?" అని నివ్వెరపోయింది. వివాహ పరిచయాల పట్టికలో అదే గడిని మాత్రం పొరపాటున కూడా ఖాళీగా వదలదు.

వజ్రసూచికోపనిషత్తు అని చిన్న గ్రంథం ఒకటుంది. బ్రాహ్మణుడంటే ఎవరు అన్నది ఒక్కటే దాని ప్రశ్న. జీవుడా, దేహమా, పుట్టుకా, చదువా, కర్మా, ధార్మికతా అని ఒక్కోటీ ఎత్తి, కాదు కాదంటూ పక్కన పెడుతుంది. గుణవాది గారు పుట్టుక కాదన్న ముక్క దగ్గర పుస్తకం మూసేస్తారు. ఇంకో రెండు వాక్యాలు చదివితే ఆయన కర్మ కూడా కొట్టుకుపోతుంది. చివరికి ఆత్మను ప్రత్యక్షంగా తెలుసుకున్నవాడే బ్రాహ్మణుడని తేలుస్తుంది. ఆ లెక్కన ఈ దేశపు బ్రాహ్మణ జనాభాను ఒక ఆటోలో ఎక్కించవచ్చు, వెనక సీటులో చోటు మిగులుతుంది.

పుట్టుక ఎందుకు కాదో చెప్పడానికి ఆ ఉపనిషత్తు ఋషుల జాబితా ఇస్తుంది. ఋష్యశృంగుడు లేడికి, వాల్మీకి పుట్టలోంచి, వ్యాసుడు జాలరి పిల్లకి, వసిష్ఠుడు ఊర్వశికి, అగస్త్యుడు కుండలో. మన గోత్రాల మూలపురుషుల్లో కొందరు ఈ వరుసలోనే ఉన్నారు. వీళ్లు ఇవాళ మీసేవకు వెళ్లి కుల ధృవీకరణ అడిగితే ఏమవుతుందో ఊహించండి. "తల్లి వృత్తి?" "అప్సరస అండీ, దేవేంద్రుడి కొలువులో." "పుట్టిన స్థలం?" "కుండ." "ఏ మండలం?" ఫైలు అక్కడే ఆగుతుంది. వాళ్ల గోత్రం చెప్పుకునే మన కుర్రాడికి మాత్రం వారంలో సర్టిఫికెట్ చేతికొస్తుంది.

ఛాందోగ్యంలో సత్యకాముడి కథ గుణవాది గారికి మహా ఇష్టం. గోత్రమేమిటని హారిద్రుమత గౌతముడు అడిగితే, "మా అమ్మ పేరు జబాల. నాది ఏ గోత్రమో ఆవిడకే తెలియదట" అన్నాడు కుర్రవాడు. నిజం చెప్పావు, ఇది బ్రాహ్మణుడికే చెల్లుతుందని ఉపనయనం చేసి, నాలుగు వందల బక్క ఆవుల్ని అప్పగించాడు గురువు. ఈ కథ చెప్పేటప్పుడు గుణవాది గారి గొంతు జీరబోతుంది. అదే కుర్రాడు వాళ్లమ్మాయి చెయ్యి అడగడానికి వచ్చి అంతే నిజం చెబితే ఇంకా జీరబోతుంది.

గుణానికి ప్రమోషన్ ఇచ్చిన దాఖలా అడిగితే విశ్వామిత్రుణ్ని చూపిస్తారు. రాజుగా పుట్టి బ్రహ్మర్షి అయ్యాడు, నిజమే. రామాయణంలో లెక్క చూస్తే వేల ఏళ్లు పట్టింది. బ్రహ్మదేవుడు స్వయంగా దిగి వచ్చి బ్రహ్మర్షివన్నా తృప్తి లేదు, వసిష్ఠుడు కూడా ఆ మాట అనాలన్నాడు. పైవాడు ఆర్డరిచ్చినా సీటులో ఉన్నవాడు సంతకం పెట్టాలన్న సంప్రదాయం ఇప్పటిది కాదన్నమాట.

ఆ తర్వాత దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు అంతపాటి మర్యాద కూడా దక్కలేదు. మదురైలో పట్టు నేసే సౌరాష్ట్రులు జంధ్యాలు మార్చుకునే ఉపాకర్మ చేసుకున్నారని అక్కడి అధికారి 18 మందిని పట్టి బంధించాడు. మన నాయకరాజుల ఇంటి మంగమ్మ రాణి పండితుల్ని పిలిపించి, శాస్త్రాలు తిరగేయించి, సరే చేసుకోండని తాటాకు మీద రాసివ్వాల్సి వచ్చింది. గుణం సంగతి తర్వాత, నూలుపోగు సంగతికే ఇంత. విశ్వబ్రాహ్మణులు తమ పెళ్లిళ్లు తామే వేదమంత్రాలతో చేసుకోవచ్చా అన్న తగువు 1818లో చిత్తూరు జిల్లా అదాలతు దాకా పోయింది. కుల ధర్మం తేల్చడానికి కుంపిణీ కోర్టు కావలసి వచ్చిందన్న దానికి మాత్రం ఎవరికీ మైల అంటినట్టు లేదు.

ఇవాళ ప్రమోషన్లు సులువయ్యాయి. ఒక్కటే షరతు, మనిషి మహాత్ముడై ఉండాలి, వీలైతే మరణించి ఉండాలి. 2018 ఏప్రిల్‌లో గాంధీనగర్‌లో బ్రాహ్మణ వ్యాపారుల సదస్సు జరిగింది. అప్పటి గుజరాత్ శాసనసభ స్పీకర్ రాజేంద్ర త్రివేది ఆ వేదిక మీద, పండితుడెవరైనా బ్రాహ్మణుడే కాబట్టి అంబేద్కర్‌ను బ్రాహ్మణుడనడానికి తనకు సంకోచం లేదన్నారు. ప్రధాని మోదీకీ అదే పదోన్నతి ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే, 2020 జనవరిలో, మళ్లీ అలాంటి సదస్సులోనే, రాజ్యాంగం ముసాయిదా అంబేద్కర్ చేతిలో పెట్టిన బెనెగళ్ నర్సింగరావు బ్రాహ్మణుడని గుర్తు చేశారు. నర్సింగరావు గారి పాత్ర ఎవరూ దాచింది కాదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కరే ఆయనకు పేరుపెట్టి కృతజ్ఞత చెప్పారు. నాకు అర్థం కానిది లెక్క. అంబేద్కర్ అప్పటికే గుణం చేత బ్రాహ్మణుడైపోయాక, ఘనతలో వాటా కోసం పుట్టుక చేత బ్రాహ్మణుణ్ని మళ్లీ ఎందుకు వెతకాల్సి వచ్చింది? గౌరవ డాక్టరేటు వచ్చినవాడి దగ్గరికి ఎవరూ జ్వరానికి వెళ్లరు. అదీ తేడా.

ఇంకో చిక్కుంది. గుణం చేత పైకి వెళ్లేవాళ్ల కథలు ఇన్ని చెబుతారే, గుణం చాలక కిందికి దిగినవాడి కథ ఒక్కటి చెప్పండి. లంచం తిని పట్టుబడిన గుమాస్తా సస్పెండవుతాడు. ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, ఒక్కోసారి పెళ్లామూ పోతుంది. గోత్రం పోదు. జైల్లోంచి బెయిలు మీద వచ్చి తద్దినం పెడితే భోక్తలు రాకుండా ఉండరు. 1881లో రాజమండ్రిలో వితంతువుకు పెళ్లి చేసిన కందుకూరి వీరేశలింగాన్ని వెలివేశారు గదా అంటారేమో. అవును, వేశారు. మన చరిత్రలో బ్రాహ్మణ్యానికి ఎసరు తెచ్చిన గుణం అది.

ఇదంతా కొత్త వాదమూ కాదు, నా జవాబు అంతకంటే కొత్తదీ కాదు. 1936లో లాహోర్‌లో జాత్‌పాత్ తోడక్ మండలి వాళ్లు అధ్యక్షోపన్యాసం ఇమ్మని అంబేద్కర్‌ను పిలిచారు. రాతప్రతి చూసి సభే రద్దు చేసుకున్నారు. ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు వేయించుకున్నారు. అందులో గుణం బట్టి చాతుర్వర్ణ్యమనే ఆర్యసమాజం వారిని ఆయన సూటిగా అడిగారు: గుణమే ప్రమాణమైతే బ్రాహ్మణ, శూద్ర అనే ఆ పాత చీటీలు ఎందుకు? అంతటితో ఆగలేదు. పౌరోహిత్యాన్ని వంశపారంపర్యం నుంచి తప్పించండి, హిందువునని చెప్పుకునే ఎవరికైనా అర్హత ఇవ్వండి, ప్రభుత్వం పరీక్ష పెట్టి పాసైనవాడికే సన్నదు ఇవ్వాలి, ఐసీఎస్‌కి మల్లే ఎంతమంది కావాలో చట్టంలో రాయండి, తప్పు చేస్తే క్రమశిక్షణ చర్య తీసుకోండి అన్నారు. గుణవాదాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్నవాడు ఇంకొకడు లేడు. తంత్రం, మంత్రం అన్నీ నేర్చిన అబ్రాహ్మణుడు అర్చకుడు కావచ్చని 2002లో కేరళ గుడి కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది కాబట్టి చట్టపరమైన అడ్డంకి కూడా పెద్దగా లేదు.

కాబట్టి నా మనవి చిన్నది. పరీక్ష పెట్టండి. పుట్టుకను పక్కన పెట్టి, అందరికీ ఒకే పేపరు, ఒకే హాలు, తప్పు జవాబుకు మార్కుల కోత, పదేళ్లకోసారి రెన్యువల్. శాంతం, శమం, దమం సిలబస్‌లో ఉంటాయి. అపరిగ్రహం ప్రాక్టికల్. ఈ మాట చెప్పి చూస్తే గుణవాది గారు కాసేపు శాలువా సర్దుకుని, "ఆలోచన బాగానే ఉందండీ" అన్నారు. తర్వాత కాస్త దగ్గరికి జరిగి అడిగారు: "మా వాడికి మేనేజ్‌మెంట్ కోటా ఏమైనా ఉంటుందా?"