మొదటి వరుసకు ముందు నేను

నన్ను బారికేడ్ అంటారు. రోడ్డు మీద పోలీసులు అడ్డంగా నిలిపే పసుపు గేటును కాదు. కచేరీ మైదానంలో స్టేజికీ జనానికీ మధ్య, ఒకదానికొకటి బిగించి నిలబెట్టే అల్యూమినియం అడ్డుగోడలో ఒక ముక్కను.

నా మూలం తూర్పు కనుమల ఎర్రమట్టి. ఒడిశాలో కోరాపుట్ జిల్లా పంచపట్‌మలి కొండ మీద బాక్సైట్ తవ్వుతారు. కింద దామన్‌జోడిలో దాన్ని తెల్లటి అల్యూమినా పొడిగా మారుస్తారు. ఆ పొడిలో కొంత రైలెక్కి విశాఖ రేవుకు వెళ్లి ఓడల్లో విదేశాలకు పోతుంది, కొంత అంగుల్ చేరి అక్కడ లోహమవుతుంది. నేను అంగుల్ దారిన వచ్చినదాన్ని. ఆ తర్వాత నన్ను కోసి, వంచి, అతికించి ఈ రూపానికి తెచ్చారు. అప్పటి నుంచి లారీల్లో ఊరూరూ తిరగడం, సాయంత్రం నిలబడడం, అర్ధరాత్రి మడతపడి మళ్లీ లారీ ఎక్కడం, ఇదే నా బతుకు.

నా ఒంటి తీరు కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసే పని అర్థం కాదు. నా ఎత్తు మామూలు మనిషి ఛాతీ దాకా వస్తుంది. నన్ను నేలలో పాతరు. నా పాదం ఒక వెడల్పాటి పలక, అది జనం వైపు చాచి ఉంటుంది. మొదటి వరుసలోకి వచ్చినవాళ్లు దాని మీదే నిలబడతారు. వెనక నుంచి ఎంత తోపు వచ్చినా నేను వెల్లకిలా పడకుండా కాసేది వాళ్ల ఒంటి బరువే. నన్ను నిలబెట్టేది, నన్ను నెట్టేది ఒకే మనుషులు. నా వీపు వైపు ఒక మెట్టు ఉంటుంది. సెక్యూరిటీ కుర్రాళ్లు దాని మీదకెక్కి జనంలోకి వంగుతారు, నీళ్లందిస్తారు, సొమ్మసిల్లినవాళ్లను చంకల కింద చేతులేసి నా మీదుగా ఇవతలికి లాగుతారు.

2025 అక్టోబర్ 18, శనివారం. రెండు రోజుల్లో దీపావళి. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో అమెరికా ర్యాపర్ ట్రావిస్ స్కాట్ మన దేశంలో మొదటిసారి పాడిన రాత్రి అది. గేట్లు తెరవగానే పరుగెత్తుకొచ్చి నా పైకమ్మీని రెండు చేతులా పట్టేసుకున్న అమ్మాయి గురించి చెబుతాను. వెనకాలే పిన్ని కొడుకు, ఇంకా మీసం సరిగా రాని కుర్రాడు, రొప్పుతూ వచ్చాడు. "అక్కా, ముందుకొచ్చేశామే!" అన్నాడు. తెలుగు! ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి వచ్చారని వాళ్ల మాటల్లోనే తెలిసింది. నా మట్టిలో కొంత చేరిన ఊరి పిల్ల నన్ను పట్టుకుని నిలబడిందని ఎంత సంబరపడ్డానో!

కచేరీకి ఇంకా గంటలున్నాయి. ఆ గంటలన్నీ తమ్ముడికి చెబుతూనే ఉంది. హ్యూస్టన్‌లో పుట్టి, ఆ పక్కనే మిస్సోరి సిటీలో పెరిగాడట ట్రావిస్. దానికి ఆనుకునే షుగర్‌ల్యాండ్ ఉంది. అక్కడ మనవాళ్లు బోలెడుమంది, ఈ పిల్ల పెద్దమ్మ కూతురూ వాళ్లలో ఒకరు. ఒంటి మీదున్న టీషర్టు ఆవిడ పంపిందే. హ్యూస్టన్ ర్యాప్‌కి ఒక ప్రత్యేకమైన నడక ఉందని చెప్పింది. 1990లలో అక్కడ డీజే స్క్రూ అనే ఆయన పాటల వేగం తగ్గించి, మధ్యమధ్య ముక్కలు చేసి, మళ్లీ మళ్లీ తిప్పి క్యాసెట్లు చేశాడు. ఆ బరువైన, మత్తుగా సాగే చప్పుడు ట్రావిస్ పాటల్లో నేటికీ వినిపిస్తుందట. 2005లో మూతపడిన ఆస్ట్రోవరల్డ్ అనే పార్కు పేరే అతను 2018 ఆల్బమ్‌కు పెట్టుకున్నాడు. అందులోని 'సికో మోడ్' పాటలో బీటు పాట మధ్యలోనే పూర్తిగా మారిపోతుంది. అది ఎక్కడెక్కడ మారుతుందో నా కమ్మీ మీద వేళ్లతో కొట్టి చూపించింది. "అరుపులు కదే అక్కా ఇవి" అన్నాడు తమ్ముడు. "ముందు వినరా. విన్నాక మాట్లాడు" అంది.

నేనూ అదే అంటాను. ర్యాప్‌ను గోల అని కొట్టిపారేసే పెద్దలు ఒక్కసారి మొదటి వరుసలో నిలబడి చూడాలి. కచేరీ మొదలై సబ్‌వూఫర్లు మోగాయి. ఆ మోత నేల మీదుగా నా పాదంలోకి, నా ఒంట్లోంచి నాకానుకున్నవాళ్ల పక్కటెముకల్లోకి పాకింది. ఆ పిల్ల పాడడం మొదలుపెట్టింది. పల్లవి ఒక్కటీ అందుకుని వదిలేసే రకం కాదు. ఒక్క మాట తడబడలేదు, ఒక్క అక్షరం మింగలేదు. అతను ఊపిరి తీసుకునే చోటే తనూ తీసుకుంటోంది. ఎన్ని రాత్రుళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని ఉంటే అది పట్టుబడుతుంది! తనది కాని భాషలో, తనది కాని ఊరి యాసలో, అంత వేగంగా వచ్చే మాటల్ని గుండెలో పెట్టుకోవడానికి చేసినది సాధన. దానికి వేరే పేరు లేదు.

ఊపిరి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2021 నవంబర్ 5న హ్యూస్టన్ ఎన్‌ఆర్‌జీ పార్కులో, ఇదే ర్యాపర్ నడిపిన ఆస్ట్రోవరల్డ్ ఉత్సవంలో జనం ఒత్తిడికి పదిమంది చనిపోయారు. అందరిలోకీ చిన్నవాడి వయసు 9 ఏళ్లు. తొక్కిసలాట అనగానే కాళ్ల కింద పడి నలిగి చనిపోయారనుకుంటారు. చాలామంది నిలబడే పోతారు. చుట్టూ ఒళ్లు బిగుసుకుపోయి, ఛాతీ విచ్చుకునే చోటు లేక, ఊపిరి అందక పోతారు. చదరపు మీటరులో ఐదారుగురికి మించి ఇరుక్కున్నాక ఎవరూ తమ ఇష్టప్రకారం కదలలేరు. ఎక్కడో వెనక మొదలైన చిన్న తోపు అలై ముందుకొస్తుంది. అది ఆగేది నా దగ్గరే. 2000లో డెన్మార్క్ రాస్కిల్డే ఉత్సవంలో తొమ్మిదిమంది ఇలాగే పోయారు. అడ్డుగోడలను ఎలా పెట్టాలి, జనాన్ని ఎన్ని భాగాలుగా విడదీయాలి అన్న ఆలోచన ఇలాంటి చావుల తర్వాతే గట్టిపడింది. మా జాతికి ఇంత పాఠం నేర్పినవాళ్లు ఇంటికి తిరిగి వెళ్లలేదు. ప్రతి సాయంత్రం నన్ను బిగిస్తున్నప్పుడు వాళ్లు నాకు గుర్తొస్తారు.

ఆ రాత్రి 'ఫీన్' పాట మొదలయ్యేసరికి మైదానమంతా ఎగరసాగింది. ఆ పర్యటనలో ఆ పాటను అతను ఒకసారి పాడి వదిలేవాడు కాదు, వెంటవెంటనే మళ్లీ మళ్లీ అందుకునేవాడు. ఆ పిల్ల పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నది దీనికోసమే. సరిగ్గా అప్పుడే ఆమె వెనక ఒక కుర్రాడి తల వాలిపోయింది. చోటు పోతుందన్న భయంతో పొద్దుటి నుంచీ చుక్క నీళ్లు తాగలేదని తర్వాత తెలిసింది. ఆమె పాట ఆపేసింది. స్టేజికి వీపు తిప్పి వాడి నడుం చుట్టూ చేతులేసింది. "తమ్ముడూ, కాళ్లు పట్టుకోరా!" అని కేకేసి, సెక్యూరిటీ వైపు తిరిగి "భయ్యా! భయ్యా!" అని గొంతు చించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు, ఎవరి భాష ఏదో, మోచేతులు చాచి కాస్త జాగా చేశారు. మెట్టు మీది మనిషి వంగి ఆ కుర్రాణ్ని అందుకుని నా మీదుగా దాటించాడు. ఇవతల నీళ్లు తాగించారు. వాడు కళ్లు తెరిచాడు.

ఆమె మళ్లీ స్టేజి వైపు తిరిగేసరికి పాటలో ఎక్కువ భాగం అయిపోయింది. మొహంలో బాధ కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. తర్వాతి పాట మొదటి మాట నుంచే అందుకుంది. ఈసారి తమ్ముడు కూడా వచ్చిన కాడికి గొంతు కలిపాడు. నన్ను పట్టుకున్నవాళ్లలో అభిమాని అని నేను పేరు పెట్టి చెప్పగలిగేది ఇలాంటి మనిషినే. స్టేజి మీదున్నవాడిని ఎంత ప్రేమించిందో, పక్కనున్నవాడినీ అంతే పట్టించుకుంది.

కచేరీలకు వెళ్లే పిల్లలారా, మీ అరుపులు, మీ గెంతులు, మీ కన్నీళ్లు నాకు ఇష్టం. ఒక్కటే అడుగుతున్నాను. నీళ్లు తాగి రండి. జనం బిగుసుకుంటే చేతులు కిందికి వదిలేయకుండా ఛాతీకి ముందుగా మడిచి పెట్టుకోండి. తోపు వస్తే ఎదురు నెట్టకండి, దానితోపాటు కదిలి, అది తగ్గగానే పక్కకు జరగండి. ఎవరైనా పడితే పాట పోయినా సరే, ముందు వాళ్లను లేపండి. మీకు ఊపిరాడకపోతే సిగ్గుపడకుండా చెయ్యెత్తి కేకేయండి. నా వెనక మెట్టు మీద నిలబడ్డవాళ్ల పని మిమ్మల్ని ఇవతలికి తీసుకోవడమే.