కారు డాలస్‌లో, కమిటీ హబ్సిగూడలో

హబ్సిగూడలో ఎవరూ ఒంటరిగా కారు కొనరు. డబ్బు సొంతదే కావచ్చు, కొనేది మాత్రం కాలనీ. తప్పు మనుషులది కాదు, మేమున్న చోటుది. ఇటు తార్నాక వైపు రసాయనాలు చూసే ఐఐసీటీ, పోషకాహారం చూసే ఎన్ఐఎన్. అటు ఉప్పల్ వైపు జీవకణాలు చూసే సీసీఎంబీ, భూగర్భాన్ని చదివే ఎన్‌జీఆర్‌ఐ. పక్కనే ఉస్మానియా క్యాంపస్. వీటన్నిట్లో రిటైరైనవాళ్ళు పొద్దున్నే ఒకే పార్కులో నడుస్తారు. పిల్లలేమో అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటారు. పీహెచ్‌డీ, పెన్షను, తీరిక ఈ మూడూ ఒకే మనిషిలో కలవడం ఎంత ప్రమాదమో మా వీధిలో కాపురముంటే తప్ప తెలియదు.

నేను తొంభైల్లో మారుతి 800 కొన్నప్పుడే కాలనీ తరఫున కార్లు పరీక్షించే ఈ కమిటీ పుట్టింది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా తొలి మారుతి తాళం అందిందని పేపర్లో చదివాం. ఆ బండి మా వీధి మలుపు తిరగడానికి పదేళ్ళ పైనే పట్టింది. వచ్చిన రోజు కాలనీ అంతా వంతులవారీగా ఎక్కి తలుపులు వేసి చూసింది. తర్వాత దాన్ని ఆర్ట్స్ కాలేజీ ముందుకు తోలుకెళ్ళాం. 1939లో నిజాం ప్రారంభించిన ఆ గులాబీ రాతి భవనం లోపల ఎంతమంది చదువుకున్నారో గానీ, బయట అంతకన్నా ఎక్కువమందే క్లచ్చు వదలడం నేర్చుకుని ఉంటారు. మా అమ్మాయీ అక్కడే నేర్చుకుంది, గురువుగారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకున్న డ్రైవింగ్ స్కూలు కారులో. నేర్చుకున్నాననే తన నమ్మకం. ఆ రెండో బ్రేకు సంగతి గురువుగారికే తెలియాలి.

ఆ అమ్మాయి ఉద్యోగం మీద డాలస్ వెళ్ళి, ఇర్వింగ్‌లో అద్దెకు దిగింది. ఇక్కడ పాలు అయిపోతే చెప్పులేసుకుని వెళ్తాం. అక్కడ పాల కోసం హైవే ఎక్కాలట. దాంతో కారు అవసరం వెంటనే తెలిసొచ్చింది. ముందు కొత్త కారే కొందామని ఒక షోరూముకు వెళ్ళింది. జీతం చూపించింది, ఆఫర్ లెటర్ చూపించింది. వాళ్ళు ఆ రెండూ పక్కన పెట్టి, "ఇంతకుముందు ఏమైనా అప్పు చేశారా?" అని అడిగారు.

"చెయ్యలేదు" అంది గర్వంగా. నా పెంపకం మరి.

దాంతో వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. అక్కడ ఫైకో స్కోరని ఒకటుంటుంది, 300 నుంచి 850 దాకా. అప్పు చేసి, సమయానికి కట్టి, మళ్ళీ చేసిన పుణ్యాత్ములకే అది పెరుగుతుంది. ఇక్కడి సిబిల్ స్కోరు విమానం ఎక్కదు. జన్మలో అప్పు చేయనివాడికి మా కాలనీలో దండ వేస్తారు, అక్కడ వడ్డీ వేస్తారు. వాళ్ళు చెప్పిన వడ్డీ విని మా ఆవిడ, "ఏమండీ, ఇంతకన్నా చిట్‌ఫండ్ వాళ్ళే నయం" అని తేల్చేసింది. కాబట్టి రొక్కం పెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొనాలి. కాబట్టి కమిటీ కూర్చోవాలి.

ఏ కారు అన్న దానిపై చర్చే జరగలేదు. అమెరికాలో మనవాళ్ళు టొయోటా, హోండా గడప దాటి బయటికి రారు. దొరికింది 2016 కరోలా, 92 వేల మైళ్ళు తిరిగింది. నేను కిలోమీటర్లలోకి మార్చి 1,48,000 అని చదవగానే వాట్సాప్ గ్రూపులో ఒక్కసారిగా నిశ్శబ్దం. ధర పదకొండు వేల డాలర్లు. అది మా ఆవిడ రూపాయల్లోకి మార్చింది. మళ్ళీ నిశ్శబ్దం. "ఆ డబ్బుకి ఇక్కడ కొత్త స్విఫ్టే వస్తుంది కదమ్మా" అన్నాడు మా బావమరిది, స్విఫ్ట్‌ను కొరియర్లో పంపేవాడిలా.

డాలస్‌లో శనివారం సాయంత్రం ఏడైతే, వేసవిలో, మాకు ఆదివారం తెల్లవారుజాము ఐదున్నర. కమిటీ వాకింగ్ బూట్లతోనే మా హాల్లోకి వచ్చేసింది. అమ్మే ఆయన ప్లేనోలో ఒక పెద్దాయన. ఆయన ఇంటి ముందు మా అమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడింది. వీళ్ళంతా ఎవరని అడిగాడట. "మా ఫ్యామిలీ" అంది. అంతకన్నా క్లుప్తంగా చెప్పడం కుదరదు.

మొదట ఎన్‌జీఆర్‌ఐ అంకుల్. ఆయన కొయినా కంపనాలు, లాతూరు కంపనాలు చదివిన మనిషి. "ఇంజన్ ఆన్ చేసి ఫోన్ బానెట్ మీద పెట్టమ్మా" అన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. మా ఇంట్లో ఫ్యాను కూడా ఆపేశాం. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "లోతులో ఎక్కడో ఒక కదలిక ఉంది, పైకి ఇంకా రాలేదు" అన్నారు. హాలంతా బిక్కచచ్చిపోయింది. తీరా చూస్తే అది పక్కింటాయన గడ్డి కోసే మిషను. అది ఆగాక ఇంజన్‌లో ఏ కదలికా వినబడలేదు. అంకుల్ ముఖంలో కాస్త నిరాశ కనబడింది.

తర్వాత ఐఐసీటీ అంకుల్. డిప్ స్టిక్ తీసి టిష్యూ మీద ఒక్క చుక్క ఆయిల్ వేసి, పావుగంట ఆగమన్నారు. ఇది నిజంగా ఉన్న పరీక్షే, చాలామంది మెకానిక్కులూ చేస్తారు. ఆయిల్ కాగితంలో వలయాలుగా పాకుతుంది. నడుమ నల్లగా ముద్దకట్టి ఆగిపోతే మసి ఎక్కువైనట్టు, తేనె రంగులో సమంగా పరుచుకుంటే మంచిది. ఆ పావుగంటా ప్లేనోలో ఒక అమెరికన్ పెద్దాయన, ఇక్కడ ఆరుగురు పెద్దలు, ఒక టిష్యూ పేపరును రెప్ప వేయకుండా చూశాం. తేనె రంగే వచ్చింది. అంకుల్ ఆ ఫోటో దాచుకున్నారు.

ఎన్ఐఎన్ ఆంటీకి ఇంజన్‌తో పని లేదు. సీటు కిందకు కెమెరా పెట్టమన్నారు. అక్కడ ఒక పాత ఫ్రెంచ్ ఫ్రై దొరికింది. పోషకాహారం మీద ఆంటీ మొదలుపెట్టబోతుండగానే ఎన్‌జీఆర్‌ఐ అంకుల్ దాని వయసు కట్టడానికి ముందుకు వంగారు. మా బావమరిదేమో బండి గుర్తింపుకు ఉండే వీఐఎన్ నంబర్లోని పదిహేడు అక్షరాలు, అంకెలు కూడుతున్నాడు. సంఖ్యాశాస్త్రం వచ్చు వాడికి. అందులో ఐ, ఓ, క్యూ వాడరని తెలిసి, "అందుకే లెక్క తేలట్లేదు" అన్నాడు.

ఇక బేరం. కోఠీ సుల్తాన్ బజార్‌లో ఆరితేరిన మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "సగానికి అడుగు. ఇవ్వనంటే నడిచి వెళ్ళిపో, వెనక్కి పిలుస్తాడు."

"అమ్మా, నడిచి ఎక్కడికెళ్ళాలి? కారు లేకనే కదా వచ్చింది! నన్ను దింపిన ఫ్రెండ్ కూడా వెళ్ళిపోయింది."

మా ఆవిడ జీవితంలో మొదటిసారి బేరంలో మాట పడిపోవడం చూశాను. పెద్దాయన జాలిపడ్డాడో, నిద్ర వేళయిందో, రెండు వందల డాలర్లు తగ్గించాడు. అప్పటిదాకా ఊరుకున్న ఒకాయన, ఉప్పల్ ఆర్టీఏ ఆఫీసు దారి కళ్ళు మూసుకుని చెప్పగలవాడు, ఇదే అదనని గొంతు తగ్గించి, "కాగితం మీద సగమే రాయించమ్మా, టాక్సు మిగులుతుంది" అన్నాడు. టెక్సస్ వాళ్ళు ఈయన పుట్టుకను ముందే ఊహించారు. అక్కడ అమ్మకం పన్ను 6.25 శాతం. ఇద్దరు వ్యక్తులు తమలో తాము అమ్ముకుంటే, ఆ బండికి ప్రభుత్వం కట్టిన విలువలో 80 శాతం కన్నా తక్కువ రాసినా పన్ను మాత్రం ఆ 80 శాతం మీద పడుతుంది. "మన వాళ్ళెవరో వెళ్ళి చెప్పేసుంటారు" అని ఆయన బాధపడ్డాడు.

లైసెన్సు కథ చిన్నది. ఇండియా లైసెన్సున్నా అక్కడ రాత పరీక్ష, రోడ్డు పరీక్ష మళ్ళీ ఇవ్వాల్సిందే. రోడ్డు పరీక్షలో ప్యారలల్ పార్కింగ్ ఉంటుంది, పక్కన కూర్చున్నాయన దగ్గర రెండో బ్రేకు ఉండదు. మా అమ్మాయి కొన్నాళ్ళు ఇండికేటర్ వేయబోయి వైపర్ వేసింది. డాలస్‌లో ఎండాకాలం అద్దం తుడుచుకుంటూ మలుపు తిరిగే కారు కనబడితే హైదరాబాదీ అని అందరికీ తెలుసట.

ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడిలో వాహనపూజ చేయించింది. చక్రాల కింద నిమ్మకాయలు. వీడియోలో కమిటీ మొత్తం హాజరు. ఎడమ చక్రం కింద నిమ్మకాయ సరిగ్గా నలగలేదని ఇక్కణ్ణుంచి అభ్యంతరం రాగా, బండి వెనక్కి తీసి మళ్ళీ తొక్కించారు.

ఇంత జరిగాక వెనకవీధి వాళ్ళబ్బాయి మెల్‌బోర్న్‌లో ఎవరికీ చెప్పకుండా కారు కొనేశాడు. అదీ టెస్లా. కమిటీ దీన్ని తీవ్రంగా పరిగణించి, వెంటనే ఇంజన్ శబ్దం రికార్డు చేసి పంపమంది. వాడు పంపాడు కూడా. ఎన్‌జీఆర్‌ఐ అంకుల్ కళ్ళు మూసుకుని ఇంకా వింటూనే ఉన్నారు.