లోను విరహం: టీకా తాత్పర్య సహితం

అవతారిక:

ఆగస్టు నెలాఖరు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ళ బదిలీలకు గడువు ముంచుకొచ్చే రోజులు. పెద్ద క్లబ్బులు తమ పందొమ్మిదేళ్ళ, ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళను చిన్న క్లబ్బులకు ఏడాదిపాటు అప్పగిస్తుంటాయి. ఆ కబురు ఫోనులో చదివిన అమలాపురం అభిమాని ఒకడు గడియార స్తంభం సెంటర్లో తోటి అభిమానితో పలికిన వాక్యాలివి. వక్త లండను చూడలేదు. కుర్రాడి ఆట కూడా, అంతా కలిపితే, ఓ అరగంటకు మించి చూడలేదు. ఈ రెండో సంగతిని పాఠకుడు కొంగున ముడేసుకోవాలి.

మూలం:

ఏం చూసుకునండీ, మన కుర్రోణ్ణి లోనుకి పంపేశారూ?
మన దగ్గరే ఆడించుకోడం రాదాండీ ఈళ్ళకి?
అక్కడ ఆడితే పేరు ఆళ్ళది, ఆడాపోతే బరువు మనది!
జనవరికన్నా ఎనక్కి తెచ్చుకుంటారంటారా?

ప్రతిపదార్థం:

ఏం చూసుకునండీ = ఏ లెక్క వేసుకుని. గోదావరి జిల్లాల్లో తిట్టబోయే ముందు కూడా ‘అండీ’ తప్పదు. కోపం పాలు తక్కువని అనుకోరాదు.

మన = శ్లోకానికి ప్రాణం ఈ మాటే. కుర్రాడు పుట్టింది బ్రెజిల్లోనో బెల్జియంలోనో. క్లబ్బు ఇంకెవరిదో. వక్తకు అందులో వాటా లేదు, సంతలో కొన్న చొక్కా ఉంది.

కుర్రోణ్ణి = పేరు చెప్పకపోవడం కవి ప్రౌఢి. కుర్రాడు ఏటా మారతాడు, శ్లోకం మార్చనక్కర్లేదు.

లోనుకి = సొసైటీ లోను కాదు. ఇక్కడ అప్పు పెట్టిన సొమ్మే పరిగెడుతుంది, చెమటోడుస్తుంది, ఒక్కోసారి మోకాలు విరగ్గొట్టుకుంటుంది. పుచ్చుకున్నవాడు జీతంలో కొంతో, మొత్తమో కడతాడు. దేశం దాటే లోన్లకు 2022 జూలై నుంచి ఫీఫా హద్దు గీసింది. ఒప్పందం ఏడాదికి మించకూడదు. తెచ్చుకున్నవాణ్ణి మళ్ళీ మూడోవాడికి ఇవ్వకూడదు. ఒక క్లబ్బు పంపగలిగేది తొలి ఏడు 8 మందిని, తర్వాత 7, 2024 నుంచి 6. అయితే సొంత అకాడమీలో పెరిగి 21 ఏళ్ళు దాటనివాళ్ళకు ఈ లెక్క లేదు. మన శ్లోకనాయకుల్లో చాలామంది ఆ సందులోంచే జారిపోతారు.

తక్కిన పదాలు సుబోధాలు.

రసచర్చ:

ఇది కరుణమా, విప్రలంభమా? మళ్ళీ కలుస్తామన్న ఆశ మిగిలుంటే విప్రలంభం, ఆశ తెగితే కరుణం అని ఆలంకారికుల తీర్పు. ‘జనవరికన్నా’ అన్న పదం ఉంది కాబట్టి ఇది విప్రలంభమే. కొన్ని ఒప్పందాల్లో సీజను మధ్యలో, జనవరిలో, వెనక్కి పిలిపించుకునే షరతు ఉంటుంది. వక్త ప్రాణాలు దాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. ఏడాది చివర కొనితీరాలన్న షరతు గనక ఉంటే కరుణమే. కొంటే కొనవచ్చు అని ఉంటే? నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఊహించని సంకరం. మేమూ దాటేస్తున్నాం.

ఇక నాయికా నిర్ణయం. నాయకుడు పరదేశంలో ఉన్నాడు గనుక అభిమాని ప్రోషితభర్తృక. అతడే పరాయి రంగు చొక్కాతో ఎదురై మనమీదే ఆడితే, అప్పుడు ఖండిత, అంటే పరస్త్రీ గుర్తులతో వచ్చిన నాయకుణ్ణి చూసి కుమిలే నాయిక. ఈ అవస్థ రాకూడదనే, లోనుకెళ్ళినవాడు సొంత క్లబ్బు మీద ఆడకూడదని ప్రీమియర్ లీగు కట్టడి చేసింది. యూరప్ పోటీల్లో ఆ రక్ష లేదు.

ఉదాహరణలు. ఇక్కడికి దగ్గర్లోని ముంగండ వాడని చెప్పుకునే జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో ఉదాహరణలకు సొంత పద్యాలే వేసుకున్నాడు. మనకా శక్తి లేదు, పరాయి మైదానాల నుంచి లోను తెచ్చుకుంటున్నాం. చెల్సీ 2011లో గోలీ కోర్త్వాను కొని, కొన్నదే తడవుగా అట్లెటికో మాడ్రిడ్‌కు పంపింది. మూడేళ్ళు అక్కడే. 2014 ఛాంపియన్స్ లీగు సెమీఫైనల్లో ఆ రెండు జట్లే తలపడ్డాయి. మామీద ఆడిస్తే డబ్బు కట్టాలన్న షరతును చెల్సీ ముందే రాయించుకుంది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుఎఫా చెల్లదు పొమ్మంది. ఏప్రిల్ 30న చెల్సీ సొంత మైదానంలో, చెల్సీ వాడే ఎదుటి గోలు కాస్తుండగా, అట్లెటికో 3-1తో గెలిచింది. 2020 ఆగస్టులో బార్సిలోనా గతి ఇంకా హీనం. బయర్న్‌కు తాను లోనిచ్చిన కుటిన్యో ఆట చివర్లో దిగి తనమీదే రెండు గోళ్ళు కొట్టాడు, ఫలితం 8-2. కుటిన్యోకు అప్పటికి 28 ఏళ్ళు, కుర్రాడు కాడు. ఖండితా లక్షణానికి మాత్రం లోటు లేదు.

పూర్వపక్షం:

లోనుకెళితేనే కదా ఆట వచ్చేది, ఈ ఏడుపెందుకు? హ్యారీ కేన్ ఓరియంట్, మిల్‌వాల్, నారిచ్, లెస్టర్ అని నాలుగు క్లబ్బులు తిరిగొచ్చి, టాటెన్‌హామ్‌కు 280 గోళ్ళు కొట్టలేదా? అంతదూరమెందుకు, ఈ అమలాపురం సాత్విక్ సాయిరాజ్ హైదరాబాదులో గోపీచంద్ అకాడమీకి వెళ్ళాకే కదా, చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది? ఊళ్ళోనే అట్టేపెట్టుకోవాల్సిందని ఎవరైనా అంటారా?

సమాధానం:

అనరు. అవన్నీ ఫలితం చేతికొచ్చాక చెప్పే మాటలు. మూలంలోని కుర్రాడి ఫలితం ఇంకా రాలేదు, వక్తకు రావాలనీ లేదు. దింపని బొండంలో నీళ్ళు ఎప్పుడూ తియ్యగానే ఉంటాయి. అరగంట ఆట చూసి, ఆ మిగిలిన పదేళ్ళూ వక్త తానే ఆడించుకున్నాడు, చాలా గోళ్ళు కొట్టించాడు. లోనుకి పంపడమంటే బొండం దింపి కత్తి పెట్టడం. ఏదో చలి ఊరి క్లబ్బులో, వారం వారం తొంభై నిమిషాలు, అందరి ముందూ కుర్రాడేమిటో తేలిపోతుంది. వక్త కోపం యాజమాన్యం మీద కాదు, ఆ తేలిపోవడం మీద. మూడో పాదం చూడండి: ఆడితే పేరు వాళ్ళది, ఆడకపోతే బరువు మనది. కుర్రాడికేమవుతుందో అందులో ఎక్కడా లేదు. బ్రెజిల్ నుంచి వచ్చిన లూకాస్ పియాజోన్ తొమ్మిదేళ్ళు చెల్సీ వాడిగా ఉండి, ఏడు క్లబ్బులకు లోనుకెళ్ళి, చెల్సీకి ఆడింది మూడే ఆటలు. ఆ తొమ్మిదేళ్ళు అతడివి. వాటిమీద శ్లోకం చెప్పినవాణ్ణి నేనెరగను.

తాత్పర్యం:

ఓ మిత్రమా, చూడని ఆటను ప్రేమించాను, దాన్ని నలుగురికీ చూపించేస్తున్నారు, ఎవరికి మొరపెట్టుకోను?

పాఠాంతరాలు:

నాలుగో పాదానికి రాజోలు ప్రతిలో ‘వచ్చినా బెంచీ మీదే కదండీ’ అని ఉంది. రసానికి భంగమైనా లోకానుభవానికి దగ్గర గనుక ఇదే సాధువని మా అభిప్రాయం. కొత్తపేట ప్రతిలో నాలుగో పాదమే లేదు. రాత్రి ఒకటిన్నరకు మొదలయ్యే ఆట, సగంలోనే ఇంట్లోవాళ్ళు టీవీ కట్టించేసి ఉంటారు.