రసీదు వెనక వైపు

మా చెల్లెలి కూతురి పెళ్లికి జాతకాలు చూసినవాళ్లు ముగ్గురు సిద్ధాంతులూ, ఒక సాఫ్ట్‌వేరూ. కల్యాణ మండపం వాళ్లిచ్చిన రసీదు వెనక వైపు చూసింది మాత్రం మేనమామనైన నేనొక్కణ్ణే. ఇందులో నా గొప్పేమీ లేదు. విశాఖ పోర్టు ట్రాఫిక్ డిపార్ట్‌మెంటులో తల నెరిసినవాడికి ఏ కాగితం చేతికిచ్చినా ముందు తిప్పి చూడడం అలవాటైపోతుంది. బిల్ ఆఫ్ లేడింగ్ ముందు వైపు ఓడ పేరు, సరుకు పేరు, ఎక్కణ్ణుంచి ఎక్కడికన్నదీ పెద్దక్షరాల్లో ఉంటాయి. సరుకు మునిగితే ఎవరి కొంప మునుగుతుందన్నది వెనక వైపు, కళ్లజోడు తుడుచుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో ఉంటుంది. 1933లో జలదుర్గ అనే ఓడ మా హార్బరులోకి మొట్టమొదట అడుగుపెట్టిన నాటికే షిప్పింగులో ఇది పాతబడిన ఆచారం.

మా బావగారు స్టీల్ ప్లాంటులో ఉక్కు కరిగించిన మనిషి. మండపం మేనేజరు ముందు కూర్చోగానే తనే కరిగిపోయాడు. "కార్తీకంలో మనవాళ్లకి కుదిరినవే రెండు ముహూర్తాలు బావా. నువ్విక్కడ షరతులు చదువుతూ కూర్చుంటే, బయట బెంచీ మీదున్నాయన అడ్వాన్సు కట్టేసి పోతాడు" అని చెవిలో గొణిగాడు. అతని భయం అబద్ధం కాదు. మూఢం వెళ్లీ వెళ్లగానే కూర్మన్నపాలెం నుంచి కొమ్మాది దాకా అందరూ ఒకే రాత్రి పెళ్లి చేయాలంటే, బేరమాడే నోరు ఎవరికుంటుంది? వినాయకుడి బొమ్మ ఉన్న వైపు చూసి దణ్ణం పెట్టి, వెనక వైపు చూడకుండా సంతకం పెట్టడం అలా అలవాటైంది.

వెనక వైపు మొదటి షరతు: డెకరేషన్ వాళ్లదే. రెండోది: వంట వాళ్లదే. మూడోది: జనరేటరు వాళ్లదే, డీజిలు మాత్రం మనది.

"మామిడాకులు మా పెరట్లో ఉన్నాయండీ, తోరణం మేమే కట్టుకుంటాం" అన్నాను.

"కట్టుకోండి మాస్టారూ, మీ గుమ్మానికి" అన్నాడు మేనేజరు ఎంతో మర్యాదగా. "మా గుమ్మానికైతే మా డెకరేటరే కట్టాల. బయటోళ్లు కడితే రాయల్టీ అవుద్ది."

రాయల్టీ అంటే గనుల మీద ప్రభుత్వానికీ, పుస్తకాల మీద రచయితలకీ వచ్చేదనుకున్నాను ఇన్నాళ్లూ. రచయితల సంగతి వదిలేయండి, మామిడాకుకి కూడా వస్తుందని ఆ రోజే తెలిసింది.

అసలు యుద్ధం హల్వా దగ్గర జరిగింది. 'బయటి తినుబండారములు లోనికి అనుమతించబడవు' అని ఆరో షరతు. మా చెల్లెలు సారెలోకి మాడుగుల హల్వా చెప్పింది. అది లేకపోతే మగపెళ్లివారు పదేళ్ల తర్వాత కూడా గుర్తుచేస్తారు.

"ఇది తినుబండారం కాదయ్యా, సారె" అన్నాను.

"సారెలో ఏటుంటాది మాస్టారూ?"

"హల్వా, అరిసెలు, చలిమిడి, అరటిపళ్లు."

"తింటారా?"

"తినరూ మరి!"

"అయితే బయటి ఫుడ్డే."

ఇంత చక్కటి తర్కం నేను కస్టమ్స్‌వాళ్ల దగ్గర కూడా వినలేదు. అలాగైతే తలంబ్రాలూ బియ్యమే, అవి కూడా మీ కేటరరు దగ్గరే కొనాలా అని అడిగాను. అతను నవ్వేసి, కాసేపు ఆలోచించి, "అడిగి చెప్తాను" అన్నాడు. ఆ ఆలోచన చూశాకే నాకు నిజంగా భయమేసింది.

మండపం అద్దె పొద్దున్న ఆరు నుంచి మర్నాడు పొద్దున్న ఆరు దాకా. దాటితే గంటకింత. మన ముహూర్తాలు మీకు తెలిసినవే. మా పిల్లది తెల్లవారుజామున మూడు దాటాక ఇరవై రెండు నిమిషాలకి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, వీడియో వాళ్ల కోసం మళ్లీ తలంబ్రాలు, కనబడని అరుంధతిని కనబడిందనడం, ఆ పైన అప్పగింతలు. ఇదంతా ఆరింటికల్లా ఎలా తేలుతుంది? పోర్టులో దీన్ని డెమరేజి అంటారు: ఎత్తుడు దింపుడుకి ఇచ్చిన గడువు దాటితే ఓడకి కట్టుకోవలసిన ఆలస్య రుసుము. కానీ సరుకు తడిసే రకమైతే వాన పడిన గంటల్ని గడువులోంచి మినహాయించే షరతు షిప్పింగు ఒప్పందాల్లో మామూలే. ఇక్కడ మా చెల్లెలు కన్నీళ్లు కురిపించే గంటకి అదనంగా కట్టాలట.

వాళ్ల వైపు న్యాయం లేదనను. బయటి వంటవాళ్లు గాడిపొయ్యి తవ్వి గచ్చు పగలగొట్టిపోతే బాగుచేయించుకోవలసింది వాళ్లే. పొద్దున్నే ఇంకో పెళ్లివారు బిందెలతో గుమ్మంలో నిలబడి ఉంటారు. షరతు పెట్టడం తప్పు కాదు. ఆ షరతు ఒక వైపే తెగే కత్తి అయినప్పుడే గొడవ. పద్నాలుగో షరతు చదవండి: మేము మానుకుంటే కట్టిన మొత్తమంతా పోతుంది. వాళ్లు మాత్రం 'యాజమాన్యమునకు అవసరమైన యెడల ఏ కారణమూ చూపకనే' మండపం రద్దు చేయొచ్చు, అడ్వాన్సు వడ్డీ లేకుండా వాపసిస్తారు. పిల్లని బుట్టలో కూర్చోబెట్టి నేను ఎత్తుకొచ్చేసరికి మండపానికి తాళమేసి ఉంటే, ఆ అడ్వాన్సు కాగితాలు పిల్ల మీద అక్షింతల్లా చల్లుకోవాలా?

మన పార్లమెంటు ఈ సంగతి ఆలోచించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'అన్యాయమైన ఒప్పందం' అంటే ఏమిటో రాసిపెట్టారు. 2020 జులైలో అమలులోకి వచ్చింది. మరీ ఎక్కువ డిపాజిట్ అడగడం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం, సరైన కారణం లేకుండా ఒక పక్షమే రద్దు చేసుకోగలగడం, మన అనుమతి లేకుండా ఒప్పందాన్ని మరొకరికి అంటగట్టి మనకి నష్టం చేయడం, అర్థం లేని చార్జీలతో మనల్ని ఇరుకున పెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. అప్పు ముందే తీరుస్తామంటే ఒప్పుకోకపోవడం కూడా ఉంది. అది పెళ్లి అయ్యాక పనికొస్తుంది. అంతకంటే పాతది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. దాని 74వ సెక్షన్ ప్రకారం జరిమానా ఇంత అని కాగితం మీద రాసుకున్నా, సబబైన పరిహారమే రాబట్టుకోవాలి. రాసిన అంకె గరిష్ఠమే గాని, హక్కు కాదు.

ఇక్కడొక తమాషా ఉంది. వడ్డన సరిగా లేదు, ఏసీ పనిచేయలేదు అంటే ఊళ్లో ఉన్న జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. కానీ 'ఒప్పందమే అన్యాయం' అనాలంటే పది కోట్ల దాకా రాష్ట్ర కమిషనే వినాలి. అది విజయవాడలో. పులిహోర చల్లారిందంటే ఆటోలో వెళ్లి చెప్పుకోవచ్చు. పులిహోర వాళ్ల దగ్గరే ఎందుకు కొనాలంటే రత్నాచల్ ఎక్కాలి. ఈమధ్య ఫిర్యాదు ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి రైల్లో ఇడ్లీల ఖర్చు తప్పింది. అదీ ఓపిక లేనివాళ్లకి 1915 అనే హెల్ప్‌లైన్ ఉంది.

తుఫాను షరతు దగ్గర మాత్రం నేను నవ్వలేకపోయాను. 'ప్రకృతి వైపరీత్యముల వలన కార్యక్రమము జరగనిచో సొమ్ము వాపసు లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ ఎడారి ఊళ్లోనో అయితే సరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదకొచ్చినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు, ఎయిర్‌పోర్టు పైకప్పు అన్నీ చూసినవాళ్లం. పెళ్లిళ్ల కార్తీకమూ తుఫానుల కార్తీకమూ మనకి ఒకటే. అలాంటి చోట వాయుదేవుడి పూచీ అంతా ఆడపిల్ల తండ్రి మీదే పెట్టడం ఏం ధర్మం? ఆ వాక్యం కొట్టేసి, పక్కన 'ఏడాది లోపు మరో తేదీ, అదే అద్దెకి' అని రాయించాను.

ఫొటోగ్రాఫరు కుర్రాడి కాగితం ఇంకా బాగుంది. ఫొటోల మీద హక్కులన్నీ స్టూడియోవి. నచ్చినవి వాళ్ల ప్రచారానికి వాడుకుంటారు. పెళ్లిలో ఇంకెవరూ కెమెరా వాడరాదు. మా ఇంట్లో నాలుగేళ్ల పిల్లవాడికి కూడా ఫోను లాక్కుని ఫొటో తీయడం వచ్చు, వాణ్ణి కట్టేసి ఉంచాలి కాబోలు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఏమంటుందంటే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి యజమాని తీయించుకున్నవాడే, వేరేగా ఒప్పుకుంటే తప్ప. ఆ 'ఒప్పుకోవడం' కోసమే ఈ కాగితం. సంతకం పెట్టామో, మా పిల్ల అప్పగింతల ఏడుపు ఇన్‌స్టాగ్రామ్‌లో స్టూడియో ఫోన్ నంబరుతో సహా తిరుగుతుంది. పాటలకి లైసెన్సు మీరే తెచ్చుకోవాలని మండపం వాళ్లు ఇంకో షరతు పెట్టారు. అదే చట్టం 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపునీ, పెళ్లి సంబరాలనీ మినహాయించింది. 2023 జులైలో కేంద్రం మళ్లీ గుర్తుచేసింది కూడా. ఆ సెక్షన్ చెప్పగానే బ్యాండు మేళం వాళ్లు నాకు నమస్కారం పెట్టారు. పోర్టులో ఇంతకాలం పనిచేస్తే ఒక్కరూ పెట్టలేదు.

మన మండపాల వాళ్లు ఇంకా చేరుకోని ఎత్తులు ఉన్నాయి. 2014లోనే న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే ఊళ్లో ఒక అతిథిగృహం వాళ్లు, పెళ్లికొచ్చిన అతిథుల్లో ఎవరు తమ గురించి ఇంటర్నెట్‌లో చెడ్డగా రాసినా రాతకి 500 డాలర్ల చొప్పున పెళ్లివారి డిపాజిట్లో కోస్తామని షరతు పెట్టారు. పెద్ద అల్లరయ్యింది. తర్వాత 2016లో అలాంటి నోరుకట్టు షరతులు చెల్లవని అమెరికాలో చట్టమే చేశారు. ఇది మన దగ్గరకి రాకపోవడం మన అదృష్టం కాదు, వాళ్ల అదృష్టం. పప్పులో ఉప్పు చాలలేదన్న మగపెళ్లివారి ప్రతి మేనత్తకీ 500 చొప్పున కోయడం మొదలెడితే, లెక్క రాయడానికే వాళ్లు మనిషిని పెట్టుకోవాలి.

చివరికి బేరం ఇలా తేలింది. సారె, తలంబ్రాలు, పూజసామాను 'తినుబండారములు' కావు. మామిడాకుకి రాయల్టీ లేదు, అరటిబోదెలకి ఉంది. ఆరు గంటలు ఎనిమిదయ్యాయి. రద్దు షరతులో, వాళ్లు మానుకుంటే అడ్వాన్సుకి రెట్టింపు అని పెన్నుతో రాసి, ఇద్దరం పక్కన పొట్టి సంతకాలు చేశాం. కేటరింగ్ మాత్రం కదల్లేదు. అది ఓనరుగారి బామ్మర్దిదట. బామ్మర్దికి ఏ చట్టంలోనూ మినహాయింపు ఉండదని బామ్మర్దినైన నాకు తెలుసు, అయినా ఊరుకున్నాను. బావగారు ఈ సేపంతా బయట బెంచీ మీదాయన్ని మాటల్లో పెట్టి, రసీదు చేతికొచ్చేదాకా లేవనివ్వలేదు.

లేచి వస్తుంటే మేనేజరు గేటు దాకా వచ్చాడు. జేబులోంచి ఒక మడత కాగితం తీసి, "మాస్టారూ, పాల్గుణంలో మా పాప పెళ్లి. గాజువాకలో ఓ హాలు మాటాడినాం. ఇది కాస్త ఎనకాల చూసి పెడతారా?" అన్నాడు.

"ఇంత మండపం పెట్టుకుని బయటి హాలెందుకయ్యా?"

"ఇక్కడి కండిషన్లు నాకు తెలుసు కద మాస్టారూ" అన్నాడు.