గొడుగు పద్యం – టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
కొండ యెక్కువేళ గొడుగు చేతను బట్టు
వాన చిన్నదైన వదలవలదు
రెయినుకోటులోన రేవు పెట్టు చెమట
ఉరుము వింటివేని యొదిగి ముడువు

అవతారిక: సింగపూర్‌లోని చోవా చూ కాంగ్‌లో, పన్నెండో అంతస్తున కాపురముండు ఒకానొక కవి ఆదివారం పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకొని బయల్దేరెను. కొత్త రెయిన్‌కోటు తొడిగిన బావమరిది "హైకింగా బావా, కాశీయాత్రా?" అని పకపక నవ్వెను. అందుకు జవాబు ఈ పద్యం.

టీక:
కొండ = గిరి; ఇచట 163 మీటర్ల బుకిట్ తిమా అని అన్వయం.
ఎక్కువేళ = ఎక్కు సమయమున; ఎల్‌ఆర్‌టీ రైలెక్కి బుకిట్ పంజాంగ్‌లో దిగుట, 2011లో రైళ్లు ఆగిన పాత పట్టాల దారి, అనగా రైల్ కారిడార్ వెంట నడచుట కూడ ఇందు చేరును.
గొడుగు = ఛత్రము; ఛద ధాతువు, కప్పునది. ఒక ఊచ వంగినను గొడుగే.
చేతను పట్టు = ఒక చేత ధరింపుము; రెండవ చేత ప్లాస్టిక్ కవరు వలదు, తిండి అనుకొని కోతులు లాగును.
వదలవలదు = ఇంట వదలరాదు, రైల్లో మరువరాదు. శ్లేష.
రెయినుకోటు = బయటి నీటిని రానీయనిది, లోపలి నీటిని పోనీయనిది.
రేవు పెట్టు = చాకిరేవు పెట్టును.
ఒదిగి = కట్టడము లోనికి చేరి; చెట్టు కిందికని చెప్పిన వ్యాఖ్య అపవ్యాఖ్య.
ముడువు = మూయుము. సుమత్రా వైపు నుండి తెల్లవారుజామున వచ్చు గాలివానకు ముడువని గొడుగు తానే తిరగబడి కమలమగును.

తాత్పర్యం: గాలిలోనే తడి నిండిన ఊళ్లో చెమట ఆరదు. దాని మీద కోటు తొడిగితే వానకు తడవకపోయినా చెమటకు తడుస్తాం. గొడుగు తల కాపాడి, గాలిని ఒంటికి తగలనిస్తుంది. ఉరిమితే మాత్రం గొడుగూ వద్దు, కొండా వద్దు.

విశేషాలు:
శంక: అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కిన తెలుగువాడికి 163 మీటర్లు కొండా? సమాధానం: సింగపూర్‌లో ఇంతకంటే ఎత్తు కొండ లేదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం.

శంక: నడిచేవాడికి గొడుగు నామోషీ కాదా? సమాధానం: భారతం ఆనుశాసనిక పర్వంలో ఎండకు కమిలిన రేణుక కోసం సూర్యుడు జమదగ్నికిచ్చినవి రెండు: గొడుగు, చెప్పులు. రెండూ కవలలు. గొడుగును నవ్వేవారు ముందు బూట్లు విప్పాలి.

"రేవు" అనడంలో ధ్వని ఉంది. తియోచ్యూ అనే చైనా మాండలికంలో చోవా ఇంటిపేరు, చూ ఇల్లు, కాంగ్ ఏటి రేవు. ఊరి పేరునే కవి చెమటలోకి దింపాడు.

"చెమట ఉరుము" దగ్గర విసంధి దోషం. ఏడాదికి 160 రోజులకు పైగా ఉరిమే ఊరిలో కవి సంధి కలిపేలోగా పరుగెత్తి ఉంటాడని క్షమించాలి.

గద్య: ఇది ఆనాడు కోటు విప్పి, చొక్కా పిండుకొని, దిగువేళ బావగారి గొడుగు కింద సగం చోటు సంపాదించిన బావమరిది రచించిన టీక. ఎడమ భుజం తడిసినది బావగారికే.